ఒంటిగంటకు మూసే కిటికీ

నా ముందు తొమ్మిదిమంది ఉన్నారు. గోడ గడియారంలో పన్నెండు దాటి పది నిమిషాలైంది. ఒంటిగంటకు ఈ కిటికీ మూసేస్తారు, ఇవాళ సగం రోజే పని కాబట్టి మళ్ళీ తెరవరు, రేపు తెరుస్తారు గానీ రేపు తెరిస్తే నాకెందుకు, అప్పీలు ఫీజు కట్టడానికి ఇచ్చిన ముప్ఫై రోజుల్లో ఇది ముప్ఫయ్యో రోజు. లాయరమ్మ మొదటి రోజే చెప్పింది, పదో రోజు చెప్పింది, ఇరవయ్యో రోజు కాస్త గట్టిగానే చెప్పింది. "మామ్మగారూ, మీ మాటలో న్యాయం ఉందా లేదా అన్నది జడ్జిగారు తర్వాత చూస్తారు. ముందు ఫీజు టైముకు కట్టారా లేదా అని చూస్తారు. ఒక్కరోజు దాటిందా, మీ కాగితం విప్పి కూడా చూడరు" అంది. కడతానమ్మా అన్నాను. కడుతున్నాను కదా మరి. ముప్ఫయ్యో రోజు కూడా ముప్ఫై రోజుల్లోదే, అది వేరే ఊరినుంచి వచ్చిన రోజేం కాదు. పాపం ఆ పిల్లకి ఇవాళ ఇంకో కోర్టులో పని పడింది, రాలేకపోయింది, కాగితాలన్నీ సర్ది నా చేతిలో పెట్టి "ఇవి ఇచ్చి, డబ్బు కట్టి, స్టాంపు వేయించుకుని రండి, అంతే" అంది. అంతే అంటే అంతే. ఇంత వయసొచ్చాక నాకు చాతకాని పనా ఇది.

వరసలో నిలబడితే నాకు ఎవరి మొహాలూ కనబడవు, గుండీలే కనబడతాయి. నా ముందున్న పొడుగాటాయన చొక్కా కాలరు వెనక ఒక గుండీ ఉంది, మిషను మీద కుట్టిన కాజా, దారం నాలుగు చోట్ల లేచింది, ఇంకో రెండు ఉతుకులకి నోరు తెరుస్తుంది. అతని ముందు ఒకావిడ కోటుకి గుండీలన్నీ ఒక రకమైతే కింది గుండీ ఇంకో రకం. ఏదో ఊడిపోయినప్పుడు చేతికి దొరికింది కుట్టేసుకుంది, ఫరవాలేదు, మంచి మనిషే, గుండీ లేకుండా పిన్ను పెట్టుకు తిరిగే రకం కాదు. నేను కాజాలు కుడతాను. యాభై ఆరేళ్ళుగా కుడుతున్నాను. మా వీధిలో నా పేరు ఎవరికీ తెలీదు, కాజాల మామ్మ అంటే పోస్టుమాను కూడా నేరుగా మెట్లెక్కి వస్తాడు. బడికి వెళ్ళింది నాలుగేళ్ళే, అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను, కానీ గుడ్డ మీద వేలు పెట్టి చెప్పమనండి, ఎన్ని కాజాలు పడతాయో, ఎంత దూరంలో పడతాయో కొలబద్ద లేకుండా చెబుతాను. మా ఆయన కటింగు మాస్టరు, ఆయన కత్తిరిస్తే నేను కాజాలు తీసేదాన్ని. పెళ్ళైన కొత్తలో నా చేతికి సూదిచ్చి ఆయన నేర్పించిన మొదటి సంగతి దారానికి మైనం పట్టించడం. రెండోది, కాజా కుట్టులో ప్రతి కుట్టుకీ దాని ముడి దానికే వేసుకోవడం. "ఒకటి తెగితే పక్కది ఊడకూడదు, ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడాలి" అనేవాడు. ఆయన పోయి పదకొండేళ్ళైంది. ఆయన కోట్లకు నేను కుట్టిన కాజాలు ఇంకా ఈ ఊళ్ళో తిరుగుతున్నాయి. ఎక్కడైనా ఒకటి కనిపిస్తే ఆ మనిషిని ఆపి పలకరించాలనిపిస్తుంది, ఒకసారి ఆపాను కూడా, బ్యాంకు మేనేజరట, నేను ఆయన పొట్ట మీద వేలు పెట్టి "ఇది నాదే" అన్నాను, పాపం బెదిరిపోయాడు.

ఒకడు తప్పుకున్నాడు. ఎనిమిదిమంది. కిటికీ అవతల కౌంటరాయన ఒక్కొక్క కాగితాన్నీ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూస్తున్నాడు. తొందరపెట్టకూడదు, చేతిపని చేసేవాళ్ళను తొందరపెడితే ఏమవుతుందో నాకు తెలుసు. నాకు వెలుతురు కావాలని కదా ఈ గొడవంతా. ఉత్తరంవైపు కిటికీ మాది, మేడ మీద గది. ఉత్తరపు వెలుతురు మెత్తగా ఉంటుంది, ఎండలాగా కళ్ళలో పొడవదు, నీడ పడదు, గుడ్డలో పోగులన్నీ విడివిడిగా చూపిస్తుంది. పొద్దున ఏడు నుంచి పది దాకా తెలుపు మీద తెలుపు కుట్టుకోవచ్చు. పది నుంచి పన్నెండు దాకా నలుపు మీద నలుపు, అంతకన్నా ముందూ కుదరదు, తర్వాతా కుదరదు. మధ్యాహ్నం గళ్ళ గుడ్డలు, రంగు దారాలు. నాలుగు దాటితే గుండీలు మాత్రమే, అవి కళ్ళు మూసుకుని కూడా కుట్టొచ్చు. మా ఇంట్లో గోడ గడియారం లేదు, అవసరం రాలేదు, కిటికీయే గంటలు చెప్పేది. మా అమ్మాయి పుట్టినప్పుడు కూడా మంత్రసాని టైమెంత అని అడిగితే నల్ల కోట్ల వేళ అన్నాను.

అలాంటి కిటికీకి అడ్డంగా వాడు కళ్ళద్దాలు పెట్టాడు. వాడంటే కింద కొట్టాయన, కళ్ళద్దాల కొట్టు. కింద కొట్టు వాడిది, పైన గది నాది, మధ్యలో ముప్ఫై ఏళ్ళ స్నేహం. నన్ను అక్కా అంటాడు, నేను తమ్ముడూ అంటాను, కోపమొస్తే ఒరే అంటాను, కోపం లేకపోయినా అంటాను. వాడు కొట్టు తెరిచిన రోజు వేసుకున్న కోటుకి కాజాలు నావే. నేను మొదటిసారి కళ్ళజోడు పెట్టుకున్నది వాడి దగ్గరే, అది పెట్టుకుని మా ఆయన్ను చూసి, ఈయన మొహం మీద ఇన్ని మచ్చలున్నాయా అని నవ్వాను. అంత బాగున్నవాళ్ళం. రెండేళ్ళ కిందట ఒక పొద్దున్నే లేచి చూస్తే గదిలో ఇంకా తెల్లారలేదు. కోడికి ముందే లేచాననుకుని మళ్ళీ పడుకున్నాను. రెండోసారి లేచినా చీకటే. కిటికీ దగ్గరికి వెళితే కిటికీలో పెద్ద రేకు. కొట్టు మీద నిలువెత్తు బోర్డు బిగించాడు, రెండు అద్దాలు, మధ్యలో ముక్కు కమ్మీ, మనిషంత కళ్ళజోడు. వీధిలో ఆ చివరనుంచి చూసినా కనబడుతుంది. ఆ కళ్ళజోడు వెనకాల నేను. కళ్ళు లేకుండా.

"అక్కా, పట్టపగలు లైటు వేసుకుంటే పోయె కదా, కరెంటు ఖర్చు నేనిస్తాను" అన్నాడు. "ఒరే, లైటు కింద నలుపూ నీలమూ ఒక్కలాగే ఉంటాయిరా" అన్నాను. నమ్మలేదు. నమ్మకపోతే పోనీ, నేనే మూడు నెలలు లైటు వేసుకుని కుట్టాను, పక్కింటి పోరు ఎందుకని. ఒకరోజు ఒక పెద్దమనిషి నల్ల కోటు తిరిగి తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. ఎండలోకి పట్టుకెళ్ళి చూశాను. ఆరు కాజాలు, ఆరూ నీలం దారంతో. మా ఆయన పోయిన రోజు కూడా పనిలో తప్పు చేయనిదాన్ని. ఆ రాత్రి... వద్దులే, ఆ రాత్రి సంగతి ఇప్పుడెందుకు. మర్నాడు లాయరమ్మ ఆఫీసు మెట్లెక్కాను.

అయిదుగురు. పన్నెండున్నర. పొడుగాటాయన ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకి బరువు మారుస్తున్నాడు. కింది కోర్టులో తీర్పు చెప్పిన రోజు గుర్తొస్తోంది, గుర్తొస్తే నవ్వొస్తోంది, అప్పుడు రాలేదు గానీ. జడ్జిగారి నల్ల కోటుకి మధ్య గుండీ ఒకే ఒక్క పోగు మీద వేలాడుతోంది. ఆయన ఊపిరి పీల్చినప్పుడల్లా అది పైకి లేచి ఊగుతోంది. ఆయన చదువుతున్నది నా కేసు, నా కిటికీ, నా బతుకుతెరువు, నా కళ్ళు మాత్రం గుండీ మీదే, ఇప్పుడు పడుతుందా, ఈ మాటకి పడుతుందా అని. తీర్పు అయిపోయింది, గుండీ పడలేదు. ఏమన్నారమ్మా అని లాయరమ్మని అడిగాను. ఆమె మొహం అదోలా పెట్టి చెప్పింది. బోర్డును సగానికి కుదించవలెను అన్నారట. వెలుతురు నా హక్కే, వ్యాపారం వాడి హక్కే, కాబట్టి చెరి సగం. ఆయన మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటాడు, ఆ బోర్డు చూసి ఉండడు, అంతే. కళ్ళద్దాల బోర్డు సగానికి కోస్తే ఒంటి అద్దం మిగులుతుంది. కళ్ళద్దాల కొట్టు మీద ఒంటి కన్ను! వాడు వరండాలో బెంచీ మీద కూలబడి, "ఊళ్ళోవాళ్ళంతా నన్ను ఒంటికన్ను కొట్టువాడా అంటారక్కా" అన్నాడు, కేసు వేసింది నేనేనని మరిచిపోయి. "సగం వెలుతురులో నేను సగం కాజా కుట్టి ఇవ్వనా?" అన్నాను నేను. ఇద్దరికీ గెలుపు లేదు, ఇద్దరికీ ఓటమి లేదు. ఇద్దరం అప్పీలుకి వెళతామని అక్కడే ఒకళ్ళకొకళ్ళం చెప్పుకుని ఇంటికి వచ్చాం, ఒకే దారి కదా.

మరి ఇన్ని రోజులు ఎందుకు ఆగావే ముసలీ అంటే, దానికి కారణం ఉంది. మనవరాలు ఫోను తీసి "మామ్మా, నేను కట్టేస్తాను, ఇక్కడ నొక్కితే అయిపోతుంది" అంది. వద్దన్నాను. నొక్కితే కట్టినట్టు ఎలా తెలుస్తుంది, స్టాంపు పడాలి, ఆ చప్పుడు నేను వినాలి. ఇంకోటి, నా కిటికీ కోసం నా సూదే కట్టాలి. అది పొగరంటే పొగరే, ఈ వయసులో ఇంకేం మిగిలింది పొగరు కాక. అప్పుడే బ్యాండు మేళం వాళ్ళు ఇరవై మూడు కోట్లు పట్టుకొచ్చారు, ఎర్ర కోట్లు, దేవుడి దయవల్ల నలుపు కాదు. కోటుకి తొమ్మిది కాజాలు. మెట్ల మీద మలుపు దగ్గర చిన్న గవాక్షం ఉంది, అక్కడ కుర్చీ వేసుకుని కుట్టాను. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ నన్ను దాటుకుని పోవాలి, ఒక్కొక్కళ్ళూ ఆగి కబుర్లు, నాకు కాలక్షేపమే. ఆఖరి కోటు మొన్న అయింది, బ్యాండు మాస్టరు నిన్న సాయంత్రం వచ్చి డబ్బిచ్చి, కోటు తొడుక్కుని తొమ్మిది గుండీలూ పెట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చి బాకా ఊది చూశాడు, ఒక్క గుండీ కదల్లేదు. మెట్లన్నీ దద్దరిల్లాయి. కింద కొట్టులోంచి వాడు బయటికొచ్చి పైకి చూశాడు, ఫీజు డబ్బు చేతికొచ్చిందని వాడికి అప్పుడే అర్థమై ఉంటుంది.

"అర్థమైందక్కా, అందుకే వచ్చాను" అని వెనకనుంచి వినబడింది. అయ్యో, నేను ఇదంతా పైకే అంటున్నానా? తిరిగి చూస్తే వాడే, నా వెనకాలే, ఎప్పుడొచ్చి నిలబడ్డాడో, వాడి వెనక ఇంకెవరూ లేరు. చంకలో ఫైలు, నుదుటి మీద చెమట. "నువ్వేమిట్రా, ఇప్పటిదాకా కట్టలేదా?" అన్నాను. "నువ్వు కట్టావేమోనని రోజూ చూస్తున్నాను. నువ్వు కట్టకపోతే నాకెందుకు దండగ ఖర్చని. నిన్న బాకా విన్నాక నిద్ర పట్టలేదు" అన్నాడు. "అంటే నేను మరిచిపోతాననుకున్నావా?" "వయసు కదక్కా, ఆశ." "నీ ఆశ తగలడ! నీ చొక్కా రెండో గుండీ వదులైంది, చూసుకో" అన్నాను. వాడు వెంటనే తల వంచి చూసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు, నేను గుండీ అంటే వాడు చూసుకోవాల్సిందే.

ఇద్దరు మిగిలారు. ఒకరు. పొడుగాటాయన పని చిటికెలో అయింది. పన్నెండూ నలభై రెండు. నేను కిటికీ ముందుకొచ్చాను, కిటికీ అంచు నా గడ్డం దాకా వచ్చింది, సంచీలోంచి కాగితాలు తీసి లోపలికి తోశాను. కౌంటరాయన వాటిని తీసుకుని, తిప్పి చూసి, మళ్ళీ తిప్పి చూసి, నా వంక చూశాడు. "ఇదేంటి మామ్మా?" అన్నాడు. "అప్పీలు బాబూ" అన్నాను. "అది కాదు, ఇది" అని ఎడమ అంచు మీద వేలు పెట్టాడు. కుట్టు. నేనే కుట్టాను, నిన్న రాత్రి. లాయరమ్మ గుండుసూదులు గుచ్చి ఇచ్చింది. గుండుసూదులు తుప్పు పడతాయి, కాగితం మీద మరక వేస్తాయి, రేపు జడ్జిగారి వేలికి గుచ్చుకుంటే నా కేసు మీద ఆయనకు మంచి అభిప్రాయం ఎలా కలుగుతుంది? అందుకని సూదులన్నీ తీసేసి, మైనం పట్టించిన జంట దారంతో, పైనుంచి కింది దాకా కాజా కుట్టు వేశాను, ఇరవై నాలుగు కుట్లు, ఒక్కటి కూడా వంకర లేదు. చూడముచ్చటగా ఉందని నాకు నేనే మురిసిపోయాను. "బాగుంది మామ్మా, చాలా బాగుంది" అన్నాడు కౌంటరాయన, నిజంగానే అన్నాడు, "కానీ చలానా మూడు ముక్కలూ విడిగా ఉండాలి. ఒకటి నాకు, ఒకటి అప్పీలుకి, ఒకటి నీకు. మూడింటి మీదా విడివిడిగా స్టాంపు పడాలి. నువ్వు మూడింటినీ మధ్యలో పెట్టి కుట్టేశావు. చింపితే చెల్లదు, చిరిగిన చలానా తీసుకోను."

విప్పాలి, అంతే కదా, విప్పడానికెంతసేపు. చెయ్యి దానంతట అదే సంచీలోకి వెళ్ళింది కత్తెర కోసం, అక్కడ కత్తెర లేదు. గేటు దగ్గర కాపలా అతను సంచీ తడిమి కత్తెర, సూదుల డబ్బా తీసి పక్కన పెట్టుకున్నాడు, "వెళ్ళేటప్పుడు తీసుకో మామ్మా, కోర్టులోకి ఇవి రాకూడదు" అన్నాడు. గేటు ఎక్కడ, నేనెక్కడ, మూడు వరండాలు, రెండు మెట్ల వరసలు, నా మోకాళ్ళతో వెళ్ళి వచ్చేసరికి ఒంటిగంట కాదు, రెండవుతుంది. కౌంటరాయన తన సొరుగులో వెతికాడు, కాగితాలకు చిల్లులు పెట్టేది ఉంది, సీలు లక్క ఉంది, చెక్క స్కేలు ఉంది. కత్తెర పక్క సెక్షనువాళ్ళు పట్టుకెళ్ళారట, వాళ్ళు తాళం వేసుకుని వెళ్ళిపోయారట. స్కేలు అంచుతో గీకి చూశాడు. మైనం దారం, జంట పోగు, తెగుతుందా? నోట్లో పెట్టుకుని కొరికాను. నాకు పైన మూడు, కింద నాలుగు, అవి ఒకదానికొకటి ఎదురుపడవు. ఒక కుట్టు ఎలాగో తెగింది. ఒకటి తెగితే ఏం లాభం, పక్కది దాని ముడితో అది గట్టిగా కూర్చుంది. ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడాలి అన్నావు కదయ్యా మాస్టరూ, నిలబడ్డారు, ఇరవై మూడుమంది, ఒక్కడూ కదలడం లేదు, ఇప్పుడేం చెయ్యమంటావు నన్ను? యాభై ఆరేళ్ళలో నేను వేసిన కుట్టు ఊడాలని మొక్కుకోవడం ఇదే మొదటిసారి.

"ఇలా తే" అని వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి కాగితాలు లాక్కుంది. వాడు. జేబులోంచి కళ్ళజోడు పెట్టె తీశాడు, దాని అడుగున గుడ్డ ముక్క ఎత్తాడు, చీపురుపుల్లంత స్క్రూడ్రైవరు. "గేటు దగ్గర పట్టుకోలేదా?" అన్నాను. "ఇదొక ఆయుధమని వాళ్ళకు తట్టదక్కా" అని, భూతద్దం ఒంటి కంటికి తగిలించుకుని, కిటికీ గట్టు మీదే కాగితాలు పరిచి, మొదటి ముడిలోకి మొన దూర్చాడు. వాడి వేళ్ళు నాకు తెలుసు, చీమ తలంత మర బిగించే వేళ్ళు. ముడి కింద మొన పెట్టి, అటూ ఇటూ ఆడించి, మెల్లగా పైకెత్తాడు. వదులైంది. "పోనీలే, ఎంతైనా అక్కనని..." అన్నాను. "నీ కోసం కాదక్కా, నువ్వు కదిలితేనే కదా నా వంతు" అన్నాడు, తలెత్తకుండా. రెండు. మూడు. వాడు ముడి ఎత్తితే నేను గోటితో దారం లాగుతున్నాను, కౌంటరాయన గడియారం చూస్తున్నాడు, వాడి ఊపిరి నా చెవి దగ్గర బుసబుసలాడుతోంది. ఇలాగే ఒకసారి, మా ఆయన ఉన్నప్పుడు, గదిలో నేలమీద డబ్బా గుండీలు ఒలికిపోతే ఈ తమ్ముడే కింద నుంచి పరుగెత్తుకొచ్చి నాతో పాటు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరాడు. పదకొండు. పన్నెండు. "ఎవరు నేర్పారక్కా నీకు ఇంత మొండి ముడి?" "మీ బావే." "ఎదుట ఉంటే ఈ మాట ఆయనతోనే అనేవాణ్ణి." "అనేవాడివి కాదు, చేతులు కట్టుకు నిలబడేవాడివి." నవ్వాడు, నవ్వుతుంటే మొన జారింది, "నవ్వించకు" అన్నాడు. పంతొమ్మిది. కాగితం చిరగలేదు, ఒక్క అంచు కూడా. ఇరవై మూడో ముడి దగ్గర నాకు తెలియకుండానే "నిదానం, నిదానం" అంటున్నాను, కుట్టేటప్పుడు అనుకునే మాట.

పన్నెండూ యాభై ఆరు. మూడు ముక్కలూ మూడు వైపులా విడివడ్డాయి, అంచున సన్నని చిల్లుల వరస, అంతే. కౌంటరాయన డబ్బు లెక్క చూసుకున్నాడు, రాశాడు, స్టాంపు ఎత్తాడు. ధబ్. ధబ్. ధబ్. ఎంత బాగుందో ఆ చప్పుడు, బాకా కన్నా బాగుంది. నా ముక్క నా చేతికొచ్చింది, ఇవాళ్టి తేదీ, ఎర్ర సిరా ఇంకా తడిగా ఉంది. నేను పక్కకు జరిగాను. గడియారం వంక చూశాను. పన్నెండూ యాభై తొమ్మిది. వాడు తన ఫైలు తాడు విప్పుతున్నాడు, ఇరవై మూడు ముడులు విప్పిన చేతులకు తాడు ముడి రావడం లేదు. కౌంటరాయన లేచాడు, రెండు చేతులతో పైన చెక్క తలుపు పట్టుకుని కిందికి లాగడం మొదలుపెట్టాడు. "టైమైపోయింది, ఇంక కుదరదు."

అప్పుడు నాకు అన్నీ ఒక్కసారే తట్టాయి, అన్నీ అంటే అన్నీ. ఆ తలుపు పడిందా, వాడి అప్పీలు పోయింది. బోర్డు మొత్తం ఉంచమని ఇంక వాడు అడగలేడు. సగం బోర్డు కొయ్యక తప్పదు, మిగతా సగం గురించి నేనొక్కదాన్నే వెళ్ళి చెప్పుకుంటాను, వాడు అడ్డు చెప్పినా సగానికి మించి అడగలేడు, ఉత్తరపు వెలుతురు మొత్తం గదిలోకి, పది నుంచి పన్నెండు దాకా నలుపు మీద నలుపు. నేనేం చెయ్యక్కర్లేదు, ఉత్తినే నిలబడితే చాలు. తలుపు దానంతట అదే దిగుతోంది. ఇంతకన్నా సుళువైన పని నా జన్మలో చెయ్యలేదు. ఇంతలో నా చెయ్యి కిటికీలో ఉంది. నేను పెట్టానో అదే వెళ్ళిందో చెప్పలేను, మణికట్టు దాకా లోపల ఉంది, తలుపు అంచు దాని మీద ఆగింది. "మామ్మా! చెయ్యి తియ్యి!" అని కౌంటరాయన కేక. "తీస్తాను బాబూ, ముసలి కీళ్ళు, తొందరగా వంగవు. ఇంతకీ ఇందులో ఈ అక్షరం ఏమిటి, యా నా, మా నా? నాకు చదువు తక్కువ" అన్నాను రసీదు చూపిస్తూ. "యా అది. తియ్యి మామ్మా." "మరి ఈ నంబరో?" ఆయనకు అర్థమైంది. నా వంక చూశాడు, నా వెనక తాడుతో కుస్తీ పడుతున్న వాడి వంక చూశాడు. "ఈయన నీ ఎదుటి పార్టీ కదా? కాగితంలో రాసుంది" అన్నాడు. "అవును. అందుకే తొందరగా కట్టమంటున్నాను. ఒరే తమ్ముడూ, అది తాడురా, నీ కొట్టులో మర కాదు, లాగు!" అన్నాను. తాడు పళ్ళతో పట్టుకుని లాగాడు. తెగింది. కాగితాలు గట్టు మీద పడ్డాయి, డబ్బు పడింది, కౌంటరాయన మళ్ళీ కూర్చుని, విసుక్కుంటూ, తల అడ్డంగా ఊపుతూ, స్టాంపు ఎత్తాడు. ధబ్. ధబ్. ధబ్. గడియారంలో పెద్ద ముల్లు పన్నెండు మీదకి వచ్చింది. అప్పుడు చెయ్యి తీశాను.

తలుపు పడింది. వరండా ఖాళీ. వాడు తన రసీదూ నేను నా రసీదూ పట్టుకుని, పరీక్ష రాసి వచ్చిన పిల్లల్లాగా ఒకళ్ళ కాగితం ఒకళ్ళు చూసుకున్నాం. వాడు నుదుటి చెమట తుడుచుకున్నాడు. తర్వాత, "ఎందుకక్కా?" అన్నాడు. "ఏమోరా. దారం వల్ల గెలిచానని రేపు నువ్వు వీధంతా చెప్పుకుంటావు, నాకెందుకు ఆ మాట" అన్నాను. మణికట్టు మీద ఎర్రగా గీత పడింది, వాడు చూడకుండా చేతిని సంచీ వెనక పెట్టుకున్నాను. వాడు కిటికీ పక్కన గోడ మీది నోటీసు చదివాడు. "ఇద్దరి కేసూ కలిపే వింటారట. ఒకే రోజు పిలుస్తారు, వచ్చే ఏడాది." "ఏడాదా? మంచిదే, అప్పటిదాకా నాకు చావడానికి తీరిక లేదు." "ఆ రోజు ఎలా వస్తావు ఇంత దూరం? మోకాళ్ళు అలా ఉన్నాయి, మనవరాలికి సెలవు దొరుకుతుందో లేదో." "నీ స్కూటరు ఉంది కదా." వాడు ఆగిపోయాడు, మెట్ల మీద. "నా స్కూటరు మీద నా మీద కేసుకా?" "రావడానికే రా. తిరిగి వెళ్ళేటప్పుడు ఎక్కించుకోవద్దులే" అన్నాను, వాడి భుజం పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతూ. "గెలిచినదాన్ని వెనక కూర్చోబెట్టుకుని ఏం మొహం పెట్టుకుని తోలుతావు పాపం."